ఇరవై ఏడు కిలోల పెడల్

“ఆడలేక మద్దెల ఓడన్నట్టున్నది వదినే నీ ముచ్చట” అని మా మరిది అన్నప్పుడు, చేతిలో ఉన్న చాయ్ గ్లాసు అతని మొహాన కొట్టకుండా ఆపుకోవడానికి నాకు చాలా ఓపిక కావలసి వచ్చింది. నాకు పుట్టుకతోనే ఓపిక తక్కువ. ముప్పై ఏళ్లు జూనియర్ కాలేజీలో పిల్లలకు ఫిజిక్స్ చెప్పాక, ఆ ఉన్న కాస్తా అయిపోయింది.

మద్దెల అంటే నా కారు. రిటైరైన ఏడాది కొనుక్కున్నాను. ఎర్రటిది, నేలకు ఆనుకుని ఉండే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. కొన్నాళ్లు తయారుచేసి ఆపేసిన రకం. హైదరాబాద్‌లో ఎవరో సెకండ్ హ్యాండ్‌లో అమ్ముతుంటే పోయి నేనే నడుపుకుంటూ తెచ్చాను. మట్టెవాడలో మా ఇంటి కింద మా వాళ్ల స్టీలు సామాన్ల దుకాణం ఉంటుంది. ఆ దుకాణం ముందు బండి ఆపిన రోజు బజారంతా వచ్చి చూసింది. “మొగడు పోయి నాలుగేండ్లు గాలే, ఎర్ర బండి ఏందమ్మా గీమెకు” అని నాకు వినపడేట్టుగానే అన్నారు. కందకు లేని దురద కత్తిపీటకెందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇంట్లో ముగ్గురం. నేను, మా మరిది, అతని భార్య, అంటే నా తోటికోడలు. మరిది దుకాణం చూసుకుంటాడు, తోటికోడలు దేవుళ్లను చూసుకుంటుంది. నేను ఎవరినీ చూసుకోను. ఆ మాట వాళ్లిద్దరూ చాలాసార్లు అన్నారు.

బండి కొన్న రెండో ఏడు మేడ మెట్ల మీద జారిపడి ఎడమ మోకాలి చిప్ప పగలగొట్టుకున్నాను. దవాఖానలో ఆపరేషన్ చేసి తీగతో కట్టారు. ఆరు నెలలు మంచం, కర్ర, ఫిజియోథెరపీ. బండి మేడ కింద కవర్ కప్పుకుని నా కోసం ఎదురుచూసింది. డాక్టర్ ఇక నడపొచ్చు అన్న రోజు, కర్ర ఇంట్లో పారేసి దిగి వెళ్లి సీట్లో కూర్చున్నాను. ఎడమ కాలితో క్లచ్ తొక్కాను. పెడల్ కదల్లేదు. ఇంకా బలంగా తొక్కితే మోకాట్లో సూది గుచ్చినట్టై, అప్పుడు దిగింది.

క్లచ్ తొక్కకుండా గేరు పడదు. మట్టెవాడ బజారులో పది అడుగులకోసారి గేరు మార్చాలి. మూడో రోజు సరిగ్గా కూరగాయల బండ్ల మధ్య నా కాలు వణికి, పెడల్ జారి, బండి ఎగిరి ఆగిపోయింది. వెనక ఆటోవాళ్లు హారన్లతో చెవులు చిల్లులు పొడిచారు. ఒకడైతే దిగొచ్చి “ఇంట్ల కూసోరాదు పెద్దమ్మా” అన్నాడు. మా మరిది దుకాణంలోంచి పరుగెత్తుకొచ్చి, నన్ను పక్క సీట్లోకి జరగమని తనే ఇంటిదాకా తెచ్చాడు. అతని కాలికి పెడల్ బరువుగా అనిపించలేదట. దున్నపోతుకేం తెలుస్తుంది!

ఆ రోజు నుంచి ఇంట్లో తీర్పు వచ్చేసింది. తప్పు కాలిది, బండిది కాదు.

ముగ్గురు మెకానిక్‌లకు చూపించాను. ముగ్గురూ ఒకే నాటకం. బానెట్ ఎత్తి లోపలికి తొంగిచూడటం, ఒక్క నిమిషం చేతులు కట్టుకుని నిలబడటం, బానెట్ దించటం, సీట్లో కూర్చుని ధడేల్మని నాలుగుసార్లు తొక్కటం. “మంచిగనే ఉన్నది మేడమ్. స్పోర్ట్స్ బండి గదా, జర టైట్ ఉంటది” అనటం. తర్వాత నా మోకాలి వైపు జాలిగా చూడటం. ఆ చూపుకు నాకు ఒళ్లు మండిపోయేది. మోకాళ్లు బాగున్న మగవాడి తొడకు ఏది టైటు, ఏది కాదు అని ఎవరు చెప్పాలి?

ఇంతలో మా మరిది తొర్రూరు నుంచి బేరం పట్టుకొచ్చాడు. పత్తి మిల్లు ఆసామి ఒకతను, కొడుక్కి కావాలట. “ఆదివారం వస్తరు వదినే. తొక్కలేని బండి ఇంట్ల పెట్టుకొని ఏం జేస్తవ్? నీ మంచికే చెప్తాన్న.”

“తొక్కలేనిది నేను కాదు. బండిలో ఏదో పట్టేసింది” అన్నాను.

అప్పుడే అన్నాడు ఆ మద్దెల మాట. నాకు నోరు ఆగదు. “సరే. ఆదివారం లోపల తప్పు బండిదని తేల్చకపోతే తాళాలు నీ చేతికి నేనే ఇస్తా. తేలిస్తే మళ్లీ జన్మలో నా బండి ఊసెత్తొద్దు” అన్నాను. అతను నవ్వాడు. అప్పటికి శుక్రవారం.

నిజం చెప్పాలంటే ఆ రాత్రి భయపడ్డాను. బండి పోతుందని కాదు. వాళ్లు చెప్పేదే నిజమైతే? ఈ కాలు ఇక ఇంతేనా? తాళాలు ఇవ్వడమంటే నా కాలు చచ్చిందని నేనే ఒప్పుకోవడం. ఆ తర్వాత నాకు మిగిలేది మేడ మీద గది, కింద అతని దుకాణం, ఎటు పోవాలన్నా “మరిదీ, జర దింపుతవా” అని అడుక్కోవడం.

తెల్లారి లేచేసరికి బుద్ధి పనిచేసింది. ఫిజియోథెరపీ అమ్మాయి నా చేత ఒక చిన్న బరువు మిషన్ కొనిపించింది, ముల్లు తిరిగేది. ఎడమ కాలు దాని మీద పెట్టి, రోజుకు ఎన్ని కిలోలు మోపగలుగుతున్నానో చూసుకోవడానికి. అది గోడకు నిలబెట్టి, కుర్చీలో వెనక్కి ఆనుకుని, ఎడమ కాలితో తొక్కాను. ముల్లు ముప్పై రెండు దగ్గర ఆగింది. మూడుసార్లు చూశాను. ముప్పై రెండు, ముప్పై ఒకటి, ముప్పై రెండు. చంకనపెట్టుకుని బయల్దేరాను.

ఆ ముగ్గురు మెకానిక్‌లలో పెద్దవాడి షెడ్డు కాశిబుగ్గలో ఉంది. యాభై దాటిన మనిషి, చేయి మంచిదని పేరు. శనివారం పొద్దున బండి అతని షెడ్డుకు ఎలా తీసుకెళ్లానో నాకూ నా మోకాలికీ తెలుసు. అతను నన్ను చూడగానే మొహం చిట్లించాడు.

“మల్ల వచ్చిండ్రా మేడమ్? చెప్పిన గదా.”

“నువ్వు చెప్పింది విన్నాను. ఇప్పుడు ఇది చెప్పేది నువ్వు విను” అని మిషన్ చూపించాను.

షెడ్డులో ఇంకా రెండు కార్లు ఉన్నాయి. మొదటిదాని క్లచ్ పెడల్ మీద మిషన్ ఆనించి, చేత్తో పట్టుకుని, దాని మీద కాలు పెట్టి తొక్కాను. పెడల్ దిగేసరికి ముల్లు పదకొండు చూపించింది. రెండోదానికి పదమూడు. నా బండికి ఇరవై ఏడు. అతన్నీ కూర్చోబెట్టి తొక్కించాను. అతని కాలికీ ఇరవై ఏడే. పెడల్ అడిగే బలం పెడల్ అడుగుతుంది, తొక్కేది ఆడదా మగవాడా, ముసలా పడుచా అని చూడదు. పదకొండో తరగతి పాఠం. ఆ మాట అతనితో కాస్త గట్టిగానే అన్నట్టున్నాను, పక్క దుకాణాలవాళ్లు తొంగిచూశారు.

అతను తల గోక్కున్నాడు. “గట్లయితే క్లచ్ ప్లేటు పోయినట్టు. గేర్‌బాక్స్ దించాలె. సెట్టుకు సెట్టు మార్చాలె. పదిరోజులు వడతది.”

“ఆగు. గేర్‌బాక్స్ మీదికి పోయే క్లచ్ కేబుల్ కొన ఊడదియ్యి ముందు.”

“ఎందుకు?”

“తియ్యమంటున్నానా!”

విసుక్కుంటూనే పానా తీసుకుని బండి కిందికి దూరాడు. కేబుల్ కొన ఊడింది. అంటే పెడల్‌కూ క్లచ్‌కూ ఇప్పుడు సంబంధం లేదు. ఉత్త తీగ అటూ ఇటూ కదలాలి అంతే, చిటికెన వేలితో తొక్కితే దిగాలి. మిషన్ పెట్టి తొక్కాను. ముల్లు పదిహేను దగ్గరికి పోయి నిలబడింది.

“సూసినవా?” నా నోట్లోంచి కూడా మా బజారు భాషే వచ్చింది. “క్లచ్ ప్లేటు మంచిగున్నది. నీ మొండి తీగ పట్టుకున్నది. దీన్ని లాగటానికే పదిహేను కిలోలు. నా కాలికి పేర్లు పెట్టిండ్రు కదా అందరు!”

నేనే బానెట్ ఎత్తి, పెడల్ దగ్గర మొదలుపెట్టి కేబుల్ వెంట చెయ్యి పోనిచ్చాను. మూరెడు పోయాక కేబుల్ ఒక్కసారి కిందికి వంగింది. నా వేళ్లకు మెత్తగా గుడ్డ తగిలింది. కొబ్బరి కాలిన వాసన. ఈ వాసన బండి నడిపిన మూడు రోజులూ వచ్చింది, ఎవరింట్లోనో వంట అనుకున్నాను.

“అటు చెయ్యి పెట్టకుండ్రి మేడమ్!” మెకానిక్ కంగారుగా ముందుకొచ్చాడు. “అది అమ్మవారిది.”

వంగి చూశాను. పసుపు గుడ్డలో కట్టిన నిండు టెంకాయ. ముడుపు. మొక్కు తీరేదాకా విప్పకూడదని కట్టే ముడుపు. దాన్ని మూడు పేటల దారంతో బిగించి, సరిగ్గా నా క్లచ్ కేబుల్‌కు వేలాడదీశారు. ఆ బరువుకు కేబుల్ ఆరు నెలల్లో వంగి, లోపలి తీగ బిగుసుకుని, వేడెక్కే సైలెన్సర్ గొట్టానికి ఆనుకుంది. బండి నడిపాక పైన తొడుగు కరిగి ఆ తీగను ఇంకా పట్టేసింది. గుడ్డ ఒకవైపు మాడి నల్లబడింది.

“నీకు ఇది ముందే తెలుసా?”

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. “మొదటి దినమే సూసిన మేడమ్. కండ్లకద్దుకున్న. ఎవలో మొక్కి కట్టిండ్రు, మనం ఎట్ల ముడ్తం? ఆ ఇద్దరు గూడ సూసే ఉంటరు.”

బానెట్ ఎత్తిన ప్రతివాడూ ఒక్క నిమిషం చేతులు కట్టుకుని నిలబడింది అందుకా! బండిని పరీక్షిస్తున్నారనుకున్నాను, దండం పెట్టుకుంటున్నారు. ముగ్గురు మెకానిక్‌లు, ముగ్గురు భక్తులు. రోగం కళ్ల ముందు వేలాడుతుంటే ఆ కళ్లు మూసేసి, నా కాలికి జాలిపడి పంపించారు. అతన్ని తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. నేను టీచర్ని.

ఎవరు కట్టారో అడగనక్కర్లేదు. మా ఇంట్లో దేవుళ్లకు కాంట్రాక్టరు ఒక్కతే. ఫోన్ చేసి “ఉన్నపళంగా కాశిబుగ్గ షెడ్డుకు రా” అన్నాను. పావుగంటలో ఆటోలో దిగింది మా తోటికోడలు. నా మొహం చూసి, ఎత్తి ఉన్న బానెట్ చూసి, ఆమెకు విషయం అర్థమైంది. భయపడుతుందనుకున్నాను. నా మీదికే వచ్చింది.

“చెయ్యి తియ్యి అక్కా. ముట్టుకోకు దాన్ని.”

“ముట్టుకోకు ఏంది? ఇది ఎందుకు కట్టినవ్?”

“నీ కాలుకోసం కట్టిన. నువ్వు దవాఖానల ఉన్నప్పుడు. నీ కాలు మంచిగైతే ముడుపు చెల్లిస్తనని మొక్కిన.”

“దేవుని రూములో కట్టుకోవచ్చు కదా!”

“నువ్వు ఉంచుతవా? పోయిన యేడు గడపకు గుమ్మడికాయ కడితే తీసి చెత్తల ఏసినవ్. అందుకే నీకు కనవడకుంట కట్టిన. నీ కాలు తొక్కేది ఏ వైరో మన దుకాణం ట్రాలీ డ్రైవర్‌ను అడిగి మరీ కట్టిన. కాలుకు తలగాలని.”

కాలికి తగలాలట. తగిలింది తల్లీ, బాగా తగిలింది. “నీ మొక్కు నా కాలిని బాగుచేయలేదు, నా కాలికి చెడ్డపేరు తెచ్చింది. ఈ కొబ్బరికాయ వల్ల నేను బజారులో నవ్వులపాలయ్యాను. రేపు బండి అమ్ముకుంటున్నాను” అని అరిచాను. మెకానిక్ దగ్గర బ్లేడు అడిగాను. అతను ఇవ్వలేదు. అతని బల్ల మీద కత్తెర ఉంటే నేనే అందుకున్నాను.

ఆమె నా చెయ్యి పట్టుకుంది. నేను ఊహించని బలం.

“మొక్కు తీరనిదే కోస్తే నేనూరుకోను. నువ్వు నా కండ్ల ముంగట బండి తోల్కొని బజార్ల పోయిన్నాడు నా చేతులతోని విప్పుత అని మొక్కిన. తోలి సూపియ్యి. విప్పుత.”

“ఇది విప్పితేనే నేను తోలేది!”

“తోలితేనే విప్పేది!”

మెకానిక్ అటూ ఇటూ చూస్తున్నాడు. వాదించడానికి నాకు ఇంత మొండి విద్యార్థి ఎప్పుడూ దొరకలేదు. “నీకేం పోయింది? నా కాలు, నా బండి. మొక్కి కూర్చున్నావ్. నీకేమన్నా నొప్పా?” అన్నాను.

“నాకేం నొప్పా?” ఆమె నా చెయ్యి వదిలేసింది. “ఎనిమిది నెలలైంది నేను కాళ్లకు చెప్పులు తొడగక. నీ కాలు మంచిగయ్యేదాక తొడగనని మొక్కిన. ఎండకాలమంత గట్లనే తిరిగిన. నువ్వు రోజు ఇంట్ల నా కాలు బాగున్నది, బాగున్నది అని లొల్లి వెడ్తవ్, మల్ల బజార్ల బండి ఆపుకొని కూసుంటవ్. దేన్ని నమ్మాలె నేను?”

నేను కిందికి చూశాను. షెడ్డు నేల మీద ఆయిలు, ఇనుప రజను, ఎండకు కాలిన మట్టి. ఆమె పాదాలు దాని మీద ఉన్నాయి. మడమలు వేలు పట్టేంత పగిలి ఉన్నాయి. ఒక పగులులో ఎర్రగా కనిపించింది. ఇంట్లో అందరం చెప్పులు లేకుండానే తిరుగుతాం, ఇంట్లో చూడలేదు సరే. ఆటోలు ఎక్కేటప్పుడు, మార్కెట్ నుంచి వచ్చేటప్పుడు, నన్ను ఫిజియోథెరపీకి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లిన అన్ని రోజుల్లో? ఆ ఎనిమిది నెలలూ నేను చూసుకున్నది ఒక్క నా మోకాలినే.

సిగ్గేసింది. సిగ్గేసినా కోపమే ముందొచ్చింది. “ఎవరు మొక్కమన్నారు నిన్ను? నేనడిగానా?”

“నిన్ను అడిగి మొక్కుతరా ఎవలన్న?”

మెకానిక్‌తో “కేబుల్ మళ్లీ బిగించు” అన్నాను. “ఉన్నది ఉన్నట్టే. ఆ కొబ్బరికాయ అట్లనే ఉండనీ.” ఆమెతో “ఎక్కు” అన్నాను.

ఎక్కింది. బెల్టు పెట్టుకోవడం రాకపోతే నేనే పెట్టాను. కాశిబుగ్గ నుంచి మట్టెవాడకు, ఆ ఇరవై ఏడు కిలోలతో. ముప్పై రెండు కిలోలు తొక్కగల కాలికి అది చాలు, కానీ మిగిలేది చాలా తక్కువ. పళ్లు బిగబట్టి తొక్కాను. ప్రతి గేరుకూ ఆమె ముందుకు కాదు, నా మోకాలి వైపు చూసింది. కూరగాయల బండ్ల దగ్గర ట్రాఫిక్ ఆగింది. క్లచ్ తొక్కి పట్టి నిలబడ్డాను. తొడ వణుకుతోంది, చెమట కళ్లలోకి కారుతోంది. వెనక హారన్ కొట్టినవాణ్ణి ఆమె కిటికీలోంచి తల బయటపెట్టి తిట్టింది. “ఏందిరా తొందర? నీ అయ్య జాగీరా?” అని. ముందు దారి వదిలింది. గేరు పడింది. బండి ఎగరలేదు, ఆగలేదు.

దుకాణం ముందు నుంచి పోయాం. మా మరిది గల్లా దగ్గర నుంచి లేచి నిలబడ్డాడు. నేను అతని వైపు చూడలేదు. చూసేంత తీరిక లేదు, మూడో గేరు వేయాలి.

తిరిగి షెడ్డుకు వచ్చాక ఆమె దిగి, బానెట్‌లోకి వంగి, కాలిన దారాన్ని పంటితో కొరికి, ముడుపు విప్పింది. పైట కొంగులో కట్టుకుంది. “మొక్కు తీరింది. గుడికి నేను ఆటోల పోత” అని వెళ్లిపోయింది. నేను పిలవలేదు, పిలిచినా వచ్చేది కాదు.

మెకానిక్ సాయంత్రానికల్లా కొత్త కేబుల్ వేశాడు. మిషన్ పెట్టి పన్నెండు అని చెప్పాడు. నేను తలూపాను. మా మరిదికి ఫోన్ చేసి, తొర్రూరు వాళ్లను రావొద్దని చెప్పమన్నాను. గెలిచాను. ఎగిరి గంతేయాల్సిన రోజు, చేదుగా ఉంది నోరంతా.

ఇంటికి వచ్చే దారిలో చెప్పుల దుకాణం ముందు బండి ఆపాను. మెత్తటి అట్ట ఉన్నవి, పగిలిన మడమలకు వేసుకునేవి చూపించమన్నాను. దుకాణంవాడు నాలుగు రకాలు తీసి పరిచి, “సైజెంత అమ్మా?” అన్నాడు.

ఇరవై ఆరేళ్లుగా ఒకే ఇంట్లో ఉన్నాం. ఒకే గుమ్మం ముందు చెప్పులు విడిచాం. నాకు తెలియదు. ఫోన్ చేశాను.

“నీ చెప్పుల సైజెంత?”

“నువ్వు కొంటే నేను తొడగ” అంది.

“తొడగకపో. సైజు చెప్పు.”

“ఆరు” అని పెట్టేసింది.